ఆరు నెలలు ఊరెళ్తున్నారా? కారును ఎలుకలకు అప్పగించి వెళ్లకండి

అమ్మాయి పురిటికనో, అబ్బాయి గృహప్రవేశానికనో అమెరికా ప్రయాణం పెట్టుకున్నవాళ్లు ఫ్రిజ్ ఖాళీ చేస్తారు, గ్యాస్ కట్టేస్తారు, తాళాలు చెల్లెలికి అప్పగిస్తారు. కారుకు మాత్రం కవరు తొడిగి, సెల్లారులో ఓ మూలకు పెట్టి వెళ్లిపోతారు. మేమూ అదే చేశాం. మే నెలాఖరులో వెళ్లి నవంబరులో తిరిగొచ్చాం.

వచ్చిన మర్నాడు బానెట్ ఎత్తితే బ్యాటరీ పక్కన దోసెడంత గూడు. కొబ్బరి పీచు, బానెట్ లోపల అంటించే ఫెల్ట్ పీలికలు, పాత క్యాలెండరు కాగితం, ఎండి రాయిలా మారిన చపాతీ అంచు. ఇంజిన్ మీదుగా వెళ్లే వైర్ల కట్టలో మూడు వైర్లకు తొక్క ఒలిచినట్టు పైపొర పోయి రాగి మెరుస్తోంది. నాలుగోది రెండు ముక్కలైంది. కట్ట మొత్తం మార్చాలన్నారు సర్వీస్ సెంటర్లో. రూ. 26,000 బిల్లు, పదకొండు రోజులు ఆటోల్లో తిరుగుడు. అయినా మేం అదృష్టవంతులం. తాళం తిప్పకముందే బానెట్ ఎత్తాం. రాగి తేలిన వైర్లతో స్టార్ట్ చేస్తే షార్ట్ సర్క్యూట్ కావచ్చు. పెట్రోలు పైపు కూడా కొరికి ఉంటే బండి మంటల్లో పడొచ్చు. కాబట్టి మిగతావి గుర్తున్నా లేకున్నా ఇదొక్కటి మర్చిపోకండి. చాలా రోజులు నిలిపిన బండిని బానెట్ ఎత్తి, టార్చి వేసి, గూడు, రెట్టలు, కొరికిన గుర్తులు లేవని చూసుకున్నాకే స్టార్ట్ చేయండి.

ఎలుక మన కారు దగ్గరికి వైర్ల కోసం రాదు, కాపురం పెట్టడానికి వస్తుంది. చీకటిగా, పొడిగా, మనిషి అలికిడి లేకుండా ఉండే చోటు దానికి కావాలి. కదలని కారు అచ్చం అలాంటి ఇల్లే. లోపలికి చేరాక కొరకడం దాని స్వభావం. ముందు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, కొరుకుతూ వాటిని అరగదీసుకోవాల్సిందే. ఈతకు పట్టేది మూడు వారాలు, ఒక్కో ఈతలో ఆరేడు పిల్లలు, ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో మళ్లీ ఈతకు సిద్ధం. మనం లేని ఆరు నెలల్లో ఒక జంట ఎంత సంసారం అవుతుందో మీరే లెక్కేసుకోండి.

మనం వెళ్లే కాలం కూడా దానికి కలిసొస్తుంది. జూన్‌లో వానలు మొదలై బొరియల్లోకి నీళ్లు చేరితే పందికొక్కులు, ఎలుకలు పొడి చోటు వెతుక్కుంటూ పైకి వస్తాయి. నవంబరు, డిసెంబరుల్లో వరికోతలు అయిపోతే చేలో తిండి ఉండదు, ఊళ్లోకి మళ్లుతాయి. ఎండాకాలంలో వెళ్లి చలికాలంలో వచ్చేవాళ్ల కారు ఈ రెండు వలసలకూ దొరుకుతుంది.

బయల్దేరే ముందు వారం

ముందు తిండి సంగతి చూడండి. కారులో ఒక్క గింజ కూడా మిగలకూడదు. సీట్లు వెనక్కి జరిపి, మ్యాట్లు తీసి, వ్యాక్యూమ్ పట్టించండి. పిల్లల సీటు సందుల్లో బిస్కెట్ పొడి, డాష్‌బోర్డు అరలో తిరుపతి లడ్డూ ముక్క, డిక్కీలో గుడి నుంచి తెచ్చిన కొబ్బరి చిప్ప, ఇవన్నీ మా కారులో దొరికినవే. టిష్యూ డబ్బా, పాత తువ్వాలు, దిండు కూడా తీసేయండి, అవి గూటికి పరుపులు.

తర్వాత దారులు. చుంచెలుకకు పెన్ను దూరేంత సందు చాలు, ఎదిగిన ఎలుకకు అర అంగుళం చాలు. కారులో పెద్ద దారి ఏసీ గాలి పీల్చుకునే చోటు, అంటే అద్దం కింద వైపర్ల దగ్గరుండే ప్లాస్టిక్ జాలీ. అక్కడినుంచి దిగి ఏసీ ఫిల్టర్‌లో గూడు కడతాయి, ఇంకొంచెం ముందుకెళ్తే బ్లోయర్. కారు ఆపే ముందు ఏసీని రీసర్క్యులేషన్‌లో పెట్టండి, చాలా కార్లలో లోపలికి వచ్చే గాలి తలుపు మూసుకుంటుంది. ఆ జాలీ లోపల పావంగుళం గడి ఉన్న ఇనుప మెష్ ముక్క బిగించమని మెకానిక్‌ని అడగండి, పావుగంట పని. ప్లాస్టిక్ దోమతెర వాడకండి, ఒక రాత్రికి కూడా ఆగదు. సైలెన్సర్ గొట్టం మూతికీ అదే మెష్ ముక్క చుట్టొచ్చు.

కవరు విషయంలో నా మాట చాలామందికి నచ్చదు. సెల్లారులోనో షెడ్డులోనో పెట్టే కారుకు నేలదాకా జారే కవరు వద్దు. అది దుమ్మును ఆపుతుంది నిజమే, దాంతోపాటు ఎలుకకు చీకటి గుడారం వేసిపెడుతుంది. దుమ్ము కడిగితే పోతుంది. తాళం వేసిన సొంత షెడ్డయితే బానెట్ ఎత్తి ఉంచి, పైన చిన్న ఎల్ఈడీ బల్బు రాత్రంతా వెలగనివ్వండి. వెలుతురు ఉన్నచోట కాపురం పెట్టడం దానికి ఇష్టం ఉండదు.

కారు ఎక్కడ నిలుపుతున్నారో కూడా చూసుకోండి. చెత్త డబ్బాలు, లిఫ్ట్ గుంట, డ్రైనేజీ మూత, వాచ్‌మన్ గది బియ్యం బస్తా, పావురాలకు గింజలు చల్లే చోటు, వీటికి ఎంత దూరమైతే అంత మంచిది. ఎలుకలు గోడ వారనే పరుగెడతాయి, కాబట్టి కారును గోడకు ఆనించకండి, చుట్టూ మనిషి నడిచేంత జాగా వదలండి. అసోసియేషన్ వాళ్లతో మాట్లాడి రాత్రి సెల్లారులో చెత్త మిగలకుండా చూడమనండి. ఒక్క కారు శుభ్రంగా ఉండి పక్కన చెత్త కుప్ప ఉంటే లాభం లేదు.

వారానికోసారి వచ్చే మనిషి

ఎన్ని మందులు కొన్నా, వారానికోసారి వచ్చి చూసే మనిషికి సాటి రావు. తమ్ముడో, నమ్మకమైన డ్రైవరో, పక్క ఫ్లాటు అబ్బాయో, ఎవరో ఒకరికి తాళం ఇచ్చి వెళ్లండి. వాళ్లు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. బానెట్ ఎత్తి చూడాలి, రెట్టలు ఉన్నాయేమో వెతకాలి. చుంచెలుకది జీలకర్ర గింజంత ఉంటుంది, పెద్ద ఎలుకది ఎండు ద్రాక్షంత. ఏమీ లేకపోతే ఇరవై నిమిషాలు రోడ్డు మీద తిప్పి, తెచ్చి వేరే దిక్కు తిప్పి నిలపాలి. నిలిపినచోటే రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే పెద్ద ప్రయోజనం లేదు. పెట్రోలు డబ్బులు ముందే ఇచ్చి వెళ్లండి, మొహమాటపడతారు.

బోను పెడితే దానికీ మనిషి కావాలి. మసాలా వడ ముక్కో, కాల్చిన కొబ్బరో, ఎండు చేపో గుచ్చి గోడ వార పెట్టాలి, రోజూ చూడాలి. కొత్త వస్తువంటే ఎలుకకు అనుమానం, మొదటి రెండు మూడు రాత్రులు పడలేదని తీసేయకండి. ఎవరూ చూడని బోను పెట్టి వెళ్లడం మాత్రం పాపం, లోపల పడ్డ ప్రాణి ఆకలితో చస్తుంది, ఆ వాసనకు ఇంకేవో వస్తాయి. జిగురు అట్టలు నేను ఎవరికీ చెప్పను. డెల్టా ఊళ్లలో కారు పెట్టి వెళ్లేవాళ్లయితే, చేలల్లో ఎలుక బుట్టలు పెట్టే మనిషినే పిలిచి పెరట్లో, గడ్డివాము చుట్టూ బుట్టలు పెట్టించండి. ఎలుక నడిచే దారి ఆయనకు తెలిసినంతగా మనకు తెలియదు.

వద్దనేవి

విషం వద్దు. మందు కేకుల్లో ఎక్కువ రకాలు రక్తం గడ్డకట్టకుండా చేసేవి, తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తిరిగి డాష్‌బోర్డు లోపలో సీటు కిందో చస్తుంది. ఆ వాసన వదిలించాలంటే డాష్‌బోర్డు విప్పాలి. చచ్చిన ఎలుకను తిన్న పిల్లికీ గుడ్లగూబకీ అదే విషం. ట్యూబుల్లో అమ్మే పసుపు భాస్వరం పేస్టును అసలు ఇంటి గడప తొక్కనీయకండి, దానికి విరుగుడు లేదు.

కలరా ఉండలు మూట కట్టి కారులో పెట్టడం మన ఇళ్లలో మామూలు. గాలాడే ఇంజిన్ దగ్గర ఆ వాసన కొన్నాళ్లకే పోతుంది. మూసిన క్యాబిన్‌లో పెడితే ఆ ఆవిరి సీట్లకు పట్టేస్తుంది. జీ సిక్స్ పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పసిపిల్లల్లో, ఆ ఉండల్లోని నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. మనవడిని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చే కారులో ఆ వాసన ఎందుకు? పొగాకు కాడలు, పుదీనా నూనె, ఫినాయిల్ పదే పదే మారుస్తుంటే కొంత పనికొస్తాయేమో, ఆరు నెలలకు ఒకసారి పెట్టేవి కావు. చెవికి వినబడని శబ్దంతో ఎలుకల్ని తరుముతామనే పరికరాల ప్రకటనల మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే 60 మందికి పైగా తయారీదారులకు, అమ్మకందారులకు హెచ్చరిక లేఖలు పంపింది. వాటి మీద పెట్టే డబ్బు మెష్ మీద పెట్టండి. హోండా కంపెనీ వైర్లకు చుట్టడానికి కారం కలిపిన టేపు అమ్ముతుంది. అలాంటిది దొరికితే బయటికి కనబడే వైర్ల కట్టలకు చుట్టించొచ్చు, అది మెష్‌కు తోడే కానీ బదులు కాదు.

గూడు కనబడితే

టెన్షన్ పడి చీపురుతో దులపకండి. ఎండిన మూత్రం, రెట్టలు దుమ్ముగా లేచి ఊపిరిలోకి పోతాయి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది, చేతి మీద చిన్న గాయం ఉన్నా చాలు. తలుపులన్నీ అరగంట తెరిచి ఉంచండి. గ్లవ్స్, మాస్క్ వేసుకుని, ఒక వంతు బ్లీచ్ ద్రావణం, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి గూడు తడిసేలా చల్లి ఐదు నిమిషాలు ఆగాక తడి గుడ్డతో తీసి, సంచిలో మూట కట్టి పారేయండి. వైర్ల మీద మాత్రం చల్లకండి, గుడ్డ తడిపి తుడవండి. ఏసీ ఫిల్టర్ మార్చేదాకా బ్లోయర్ వేయొద్దు. అమెరికాలో ఉన్న పిల్లలకూ ఇదే చెప్పండి. అక్కడ చలి మొదలవగానే గరాజ్‌లోని కార్లు, క్యాంపర్ వ్యాన్లలోకి ఎలుకలు చేరతాయి, డీర్ మౌస్ అనే అక్కడి చుంచెలుక రెట్టల దుమ్ముతో హంటా వైరస్ సోకే ప్రమాదం ఉంది, అది ప్రాణం తీసే జబ్బు.

బీమా గురించి ఒక్క మాట. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ఎలుక కొరికిన నష్టానికి ఏమీ రాదు. సమగ్ర పాలసీ ఉన్నా, ఇది వర్తిస్తుందా అని కంపెనీకి ఈమెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. వెళ్లే రోజు కారు ఫొటోలు, బానెట్ లోపలి ఫొటోలు తేదీతో తీసుకోండి.

చివరగా ఒక తెల్ల కాగితం మీద మెష్ ఎక్కడెక్కడ బిగించారో, సైలెన్సర్‌కు ఏం చుట్టారో, బ్యాటరీ వైరు తీశారో లేదో పెద్ద అక్షరాలతో రాసి స్టీరింగ్‌కు టేపు వేసి అంటించండి. ఆరు నెలల తర్వాత జెట్‌లాగ్‌తో వచ్చిన మీకైనా, తాళం తీసుకున్న తమ్ముడికైనా ముందు కనబడాల్సింది ఆ కాగితం. మా కారుకు ఈసారి పైన మొదటి వరుసలో రాసింది: "ముందు బానెట్ ఎత్తు".