ఊరకుండడం ఎలా: కష్టకాలంలో దేవుని సన్నిధిలో ఇరవై నిమిషాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల సంఘాల్లో ప్రార్థన అంటే ముందు గొంతు గుర్తొస్తుంది. ఉపవాస కూటమైనా ఇంటి కూటమైనా మైకు, డోలకు ఉండాలి, అందరూ ఒక్కసారిగా ఎలుగెత్తాలి. తప్పేం లేదు, కీర్తనల్లో కేకలూ ఉన్నాయి, తాళాలూ ఉన్నాయి. చిక్కల్లా ఎప్పుడంటే, వేలంలో పొగాకు బేళ్ళకు రేటు పడిపోయిన రోజు, గుంటలో రొయ్యలు పైకి తేలిన తెల్లవారుజాము, ఇంటి మనిషి ఐసీయూలో ఉన్న రాత్రి గొంతు పెగలదు. అప్పుడు చాలామంది "నాకు ప్రార్థన కుదరడం లేదు" అని మానేస్తారు. కుదరనిది మాటలే. మాటలు అయిపోయాక కూడా లేచి పోకుండా ఆయన ఎదుట కూర్చోవడం నేర్చుకోవచ్చు. మన పెద్దవాళ్ళు దీన్నే "కనిపెట్టడం", అంటే దేవుని కోసం ఎదురుచూడడం, అనేవారు.

ముందు ఒక అపార్థం తీసేయాలి. "ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి" అనే మాట 46వ కీర్తన పదో వచనంలో ఉంది. క్యాలెండర్ల మీద ఆ ఒక్క ముక్కే వేసి పక్కన పూలబొమ్మ పెడతారు కాబట్టి, అది ప్రశాంతంగా ఉన్నవాళ్ళకు చెప్పిన మాట అనిపిస్తుంది. మొత్తం పదకొండు వచనాలూ చదవండి. కొండలు నడిసముద్రంలో మునుగుతున్నాయి, నీళ్ళు ఘోషిస్తూ నురుగు కడుతున్నాయి, రాజ్యాలు కదులుతున్నాయి, విల్లు విరిగి రథాలు తగలబడుతున్నాయి. ఆ గోల మధ్యలోనే "ఊరకుండుడి" అన్నాడు. అక్కడ వాడిన హెబ్రీ మాటకు పట్టు సడలించు, చేతులు దించు అని అర్థం. కాబట్టి మనసును ఖాళీ చేసుకోమని కాదు, గట్టిగా పట్టుకున్నదాన్ని కాసేపు వదలమని. మనసు ఖాళీ చేయాలని కూర్చున్నవాళ్ళు మూడో రోజుకే విసిగి లేచిపోతారు, ఎందుకంటే అప్పుల్లో ఉన్నవాడి మనసు ఖాళీ అవ్వదు.

చోటు గురించి పెద్దగా ఆలోచించొద్దు. "నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి" అన్నాడు ప్రభువు. రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉంటే తలుపెక్కడిది? మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పక్కన, పశువుల కొట్టంలో, వారం మధ్యలో తాళం తీయించుకున్న మందిరంలో, ఏదీ లేకపోతే వసారాలో గోడవైపు తిప్పి వేసుకున్న కుర్చీలో, ఎక్కడైనా సరే. అయితే రోజూ అదే చోటు కావాలి. పది పన్నెండు రోజులయ్యేసరికి అక్కడ కూర్చోగానే ఒళ్ళు దానంతటదే నెమ్మదించడం మొదలవుతుంది. మైపాడు రేవుకో కొత్తపట్నం ఒడ్డుకో వెళ్తే బాగానే ఉంటుంది గానీ, సముద్రం లేకపోతే కుదరదనే అలవాటు మాత్రం పడొద్దు.

వేళ చెప్పడం కష్టం, ఎందుకంటే అందరికీ ఒకటే వేళ కుదరదు. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్ళాడు. మామూలు ఇళ్ళకు నాలుగున్నర, అయిదు మధ్య మంచిది, మైకులు మొదలుకావు, పాలవాడు రాడు. రొయ్యల గుంటల దగ్గర మాత్రం అదే ప్రమాదపు వేళ, నీళ్ళలో ఆక్సిజన్ అట్టడుక్కు పడిపోయేది తెల్లారేముందే. అక్కడ కాపలా ఉన్నవాళ్ళు పొద్దెక్కి, నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆపాక కూర్చోవాలి. పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్‌లో మంట వేసే రోజుల్లో రాత్రంతా మంట చూసేవాళ్ళకు ఒక కట్టె వేసి ఇంకో కట్టె వేసే మధ్య ఎడమే చాలు. చెరువు వదిలేసి, మంట వదిలేసి ప్రార్థనకు కూర్చోవడం భక్తి అనిపించుకోదు.

కావలసినవి అచ్చు బైబిలు, ఒక రఫ్ నోటుపుస్తకం, పెన్ను, గంట కొట్టే చిన్న టైంపీసు. ఫోను వేరే గదిలో ఉండాలి. "నా బైబిలు ఫోన్లోనే ఉంది" అంటారు. ఉంటుంది, దాని పక్కనే అప్పు ఇచ్చినాయన వాట్సాప్ మెసేజీ కూడా ఉంటుంది. ఈ ఒక్క విషయంలో రాజీ పడితే మిగతా పద్ధతంతా వృథా.

కూర్చునేటప్పుడు మోకాళ్ళ మీదే ఉండాలని పట్టుబట్టొద్దు. ఇరవై నిమిషాలు మోకరిస్తే చివరి పది నిమిషాలూ మోకాళ్ళ గురించే ప్రార్థన అవుతుంది. షుగరు ఉన్నవాళ్ళకు కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. ప్లాస్టిక్ కుర్చీ చాలు, రెండు పాదాలూ నేలకు ఆనాలి, చేతులు తొడల మీద వెల్లకిలా పెట్టాలి.

మొదటి రెండు నిమిషాలు ఊపిరి. మనసులో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదిలే ఊపిరి పొడుగైతే గుండె వేగం తగ్గుతుంది, అది ఒంటి తీరు, అందులో మహిమేమీ లేదు. తల తిరిగితే లెక్క ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి.

తరువాత ఆరు నిమిషాలు చెప్పుకోవడం. ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. "ప్రభువా, నా సమస్యలన్నీ నీకు తెలుసు" అని ఒక్క మాటతో దాటేస్తారు. ఆయనకు తెలుసు, మనకే సరిగ్గా తెలియదు. పేరూ అంకే లేని భయం చీకట్లో దూడ లాంటిది, ఎంతైనా పెద్దదిగా కనిపిస్తుంది. కాబట్టి నోటుపుస్తకం తీసి రాయండి. ఎవరికి ఎంత అసలు, రెండు రూపాయల వడ్డీనా మూడు రూపాయలదా, ఏ నెల గడువు. పంట అయితే ఎన్ని ఎకరాలు మునిగింది. జబ్బు అయితే డాక్టరు చెప్పిన మాట ఏమిటి, మనం ఊహించుకున్నది ఏమిటి, రెండూ వేర్వేరు వరసల్లో. ఆ వరసలు చిన్నగా, బయటికి వినపడేలా చదివి దేవునికి అప్పజెప్పండి. కోపం ఉంటే కోపంగానే చదవండి. "యెహోవా, ఎన్నాళ్లవరకు" అని 13వ కీర్తన మొదలయ్యేది అలాగే. బేరం మాత్రం పెట్టొద్దు. "ఈ కాపు గట్టెక్కితే మందిరానికి ఇంత ఇస్తాను" అన్నారంటే తరువాతి మౌనమంతా బేరం తెగిందా లేదా అని ఎదురుచూడడంలోనే పోతుంది.

ఆరు నిమిషాలు కాగానే పుస్తకం మూసి కుర్చీ కింద పెట్టండి. మూయడం ముఖ్యం, చేతులు దించడం అంటే అదే.

నాలుగు నిమిషాలు 46వ కీర్తన. గట్టిగా కాదు, పసిపిల్లకు చెప్పినట్టు. అందులో మూడు చోట్ల, మూడు, ఏడు, పదకొండు వచనాల చివర, "సెలా" అని ఉంటుంది. చదువుతున్నప్పుడు దాన్ని మింగేస్తాం. అది పాటలో ఆగే గుర్తు అని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ మూడు చోట్లా అయిదారు ఊపిరుల సేపు ఆగండి. మొదటి సెలాకు ముందు పొంగే సముద్రం ఉంటుంది, వెంటనే నాలుగో వచనంలో ఒక నది, దాని కాలువలు. తుపానూ చూసి, పెన్న కాలువల కింద పండే పొలమూ చూసిన మనవాళ్ళకు ఆ తేడా ఎవరూ విడమరచక్కర్లేదు. వారం రోజులు అదే కీర్తన చదవండి, రోజుకొకటి మార్చొద్దు. రెండో వారం 62, మూడో వారం 131 తీసుకోవచ్చు. 131లో మూడే వచనాలు, చనుపాలు మానిన పిల్ల తల్లి దగ్గర ఉన్నట్టు నా ప్రాణం ఉంది అంటాడు కీర్తనకారుడు. పాలు తాగే పిల్ల తల్లి ఒడిలోకి రాగానే వెతుక్కుంటుంది. పాలు మానిన పిల్ల ఏమీ అడక్కుండా ఊరికే ఆనుకుని కూర్చుంటుంది. ఇక రాబోయే ఆరు నిమిషాలూ అలా ఉండాలి.

ఆ ఆరు నిమిషాలు మౌనం. మొదటి వారం రెండు నిమిషాలే చేయండి, మిగతా సమయం కీర్తన రెండోసారి చదవడానికి వాడండి. రెండో వారం నాలుగు, మూడో వారం ఆరు. పట్టుకోవడానికి ఒక చిన్న మాట ఉండాలి. 62వ కీర్తన అయిదో వచనంలో "నా ప్రాణమా, దేవుని నమ్ముకొని మౌనముగా నుండుము" అని ఉంది. పీల్చేటప్పుడు "నా ప్రాణమా", వదిలేటప్పుడు "మౌనముగా నుండుము". జపంలా లెక్కపెట్టక్కర్లేదు. మనసు ఎటో పోయిందని తెలిసినప్పుడు తిరిగి రావడానికి అది గుంజ. ఆరు నిమిషాల్లో ముప్ఫైసార్లు పోతుంది. ముప్ఫైసార్లు తిరిగి వచ్చారంటే ఆ రోజు బాగా కుదిరినట్టే. గ్యాసు బుక్ చేయలేదు, యూరియా తేవాలి అని గుర్తొస్తే పుస్తకం వెనక అట్ట మీద రెండు మాటలు రాసి వదిలేయండి, రాయకపోతే అదే తిరుగుతుంటుంది.

చివరి రెండు నిమిషాలకు ప్రభువు ప్రార్థన ఒకసారి, కృతజ్ఞతకు కళ్ళ ముందున్న ఒక్క సంగతి. తరువాత, రాసిన వరసల్లోంచి ఈ రోజు చేయగలిగిన పని ఒకటి ఎంచుకుని లేవండి. బ్యాంకు మేనేజరును కలవడమో, బీమా కాగితం వెతకడమో ఏదో ఒకటి. ఈ ముక్క వదిలేసినవాళ్ళకు మౌనం తప్పించుకునే చోటు అయిపోతుంది. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి చూపించాడు. ప్రార్థన చేసేవాళ్ళే పార కూడా పట్టారు.

ఇక తేడా వచ్చే చోట్లు. నిద్ర వస్తే నిద్రపోండి. ఏలీయా ప్రవక్త "నా ప్రాణము తీసికొనుము" అని బదరీ చెట్టు కింద పడిపోయినప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు, రొట్టె, నీళ్ళు పెట్టి లేపాడు, తిని మళ్ళీ పడుకుంటే రెండోసారి కూడా పెట్టాడు. దేవుని నిమ్మళమైన స్వరం వినబడింది ఆ తిండీ నిద్రా అయ్యాక, నలభై రోజుల నడక తరువాత. నాలుగు రాత్రులు ఆసుపత్రి వరండాలో గడిపినవాళ్ళకు ఈ ఇరవై నిమిషాలకన్నా రెండు గంటల నిద్ర, నాలుగు ఇడ్లీలు ముందు.

మౌనంలో ఏడుపు రావచ్చు, రానివ్వండి. భయం తగ్గకుండా పెరిగి గుండె దడ పుడితే కళ్ళు తెరిచి, కీర్తన మళ్ళీ బయటికి చదవండి, అప్పటికీ తగ్గకపోతే లేచి నడవండి. ఇంకెవరినైనా పక్కన కూర్చోబెట్టుకున్నా మేలే, ఇద్దరూ మాట్లాడకుండా కూర్చోవచ్చు. రెండు వారాలు వరసగా నిద్ర, తిండి పోయినా, చావాలన్న తలపు వచ్చినా అది విశ్వాసం తక్కువై కాదు. డాక్టరును చూడాలి, టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఫోను చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. అప్పుడు ఫోను వేరే గదిలో పెట్టాలన్న నియమం చెల్లదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది "దేవుడు నాతో మాట్లాడాడు" అన్న చోట. మౌనంలో మనకు నచ్చిన ఆలోచన కూడా చాలా స్పష్టంగా వినిపిస్తుంది. పొలం అమ్మమని, కూతురి సంబంధం ఖాయం చేయమని, మాత్రలు మానేయమని వినిపించినట్టు ఉంటే ఆ రోజు ఏదీ చేయొద్దు. తేదీ వేసి రాసిపెట్టి, వాక్యంతో సరిచూసి, ఆ సంగతిలో లాభం లేని పెద్దమనిషినో కాపరినో అడగండి. మాత్రల మాటైతే డాక్టరునే అడగాలి. వారం ఆగితే పాడయ్యే దేవుని చిత్తం ఉండదు.

ఏమీ అనిపించకపోవడం మాత్రం తేడా కాదు. 1854 జనవరి 1న, ఇంకా తెల్లారకముందే, మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ ఎక్కి ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. క్లౌ దొర అక్కడ కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్ళు. ఆ కొండను ఇప్పటికీ ప్రేయర్ మీటింగ్ హిల్ అనే అంటారు.

తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు, పక్కవీధిలో చావు జరిగినప్పుడు, అప్పులవాళ్ళు గుమ్మంలో ఉన్నప్పుడు ఇరవై నిమిషాలు కుదరవు. పునరావాస కేంద్రానికి వెళ్ళమంటే ముందు వెళ్ళండి, అక్కడ చాప మీద కూర్చునే మూడు నిమిషాలు చేయండి. మూడు నిడుపాటి ఊపిరులు, భయాన్ని ఒక్క వాక్యంలో చెప్పడం, 46వ కీర్తన మొదటి వచనం కంఠతా, మిగిలింది మౌనం. ఆ వచనం మంచి రోజుల్లోనే నోటికి పట్టించుకోవాలి, కరెంటు పోయిన రాత్రి బైబిలు కనపడదు.

రెండు రోజులు తప్పిపోతే బాకీ తీర్చినట్టు మూడో రోజు గంట కూర్చోవద్దు. అదే కుర్చీ, అదే కీర్తన, మౌనం రెండు నిమిషాలు.