బాలింత సంరక్షణ, 4వ పాఠం: తీవ్రమైన చిరుగుకు వేసిన కుట్లు ఎవరిలో చెడతాయి?

గత పాఠం చివరి ప్రశ్నకు చంద్రగిరి, పాకాల, పుత్తూరు ప్రాంతాల ఏఎన్‌ఎం సోదరీమణులు పంపిన జవాబులు చదివిన తరువాత, ఈసారి చెప్పదలచిన కుట్ల శుభ్రతను వాయిదా వేస్తున్నాను. కుట్లు మానకపోవడానికి కారణాలు అడిగితే, ఎక్కువమంది చిరుగు పడడానికి కారణాలు రాశారు. కాన్పులో యోని నుంచి మలద్వారం వైపు పడే చిరుగు మలద్వార కండరం దాకా పోతే మూడవ స్థాయి, పురీషనాళపు లోపలి పొర దాకా పోతే నాల్గవ స్థాయి అని మీకు తెలిసినదే.

మొదటి కాన్పు, బిడ్డ బరువు నాలుగు కిలోలు దాటడం, బిడ్డ ముఖం పైకి తిరిగి ఉండడం అనేవి చిరుగు ఎందుకు పడిందో చెబుతాయి. కుట్టిన చోట చీము పడుతుందా, కుట్లు విడిపోతాయా అన్నది వేరే ప్రశ్న. తొలి కాన్పులో పెద్ద బిడ్డను కని, మలద్వార కండరం కొద్దిగా మాత్రమే చిరిగిన సన్నని అమ్మాయి ఒకరు. రెండవ కాన్పులో చిన్న బిడ్డనే కన్నా, ఫోర్సెప్స్ (బిడ్డ తలను పట్టి బయటకు లాగే పరికరం) వాడినందున చిరుగు పురీషనాళపు లోపలి పొర దాకా పోయిన, అధిక బరువు గల తల్లి మరొకరు. మీరు రాసిన జాబితా ప్రకారం మొదటి ఆమె ఇంటికి ముందు వెళతారు. ముందుగా చూడవలసింది రెండవ ఆమెను. నాల్గవ స్థాయి చిరుగులో మలంలోని సూక్ష్మజీవులు నేరుగా గాయంలోకి చేరతాయి. పరికరం నొక్కిన కండకు రక్తప్రసరణ తగ్గుతుంది. ఒళ్ళు ఎక్కువగా ఉంటే ఆ చోటు ఆరక తడిగా ఉంటుంది. చిరుగు పడడానికి, కుట్లు మానకపోవడానికి రాసే రెండు జాబితాల్లోనూ ఫోర్సెప్స్ ఉంటుంది, కానీ కారణాలు వేరు. పొగ తాగడం కూడా ముప్పే. మన పల్లెల్లో అది అరుదు కనుక అక్కడ ఆగను.

నేనైతే బాలింతను పలకరించే ముందే డిశ్చార్జి కాగితంలో యాంటీబయాటిక్ ఇచ్చారా అని వెతుకుతాను. 2008లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, కుట్లు వేసే ముందు ఒక్క మోతాదు ఇచ్చిన వారిలో రెండు వారాలకు గాయపు చిక్కులు సుమారు 8 శాతం ఉండగా, ఇవ్వని వారిలో 24 శాతం కనిపించాయి. చిక్కులు ఎక్కువగా ఈ తొలి రెండు వారాల్లోనే బయటపడతాయి కాబట్టి ఆరు వారాల పరీక్ష దాకా ఆగకూడదు. ఆశా కార్యకర్త 3, 7, 14 రోజులకు వెళ్ళినప్పుడు బిడ్డను తూచి వచ్చేయకుండా, తల్లి కుట్ల నొప్పి తగ్గుతోందా, పెరుగుతోందా అని అడగాలి. నొప్పి పెరగడం, దుర్వాసన, చీము, జ్వరం, యోనిలో నుంచి గాలి లేదా మలం రావడం వీటిలో ఏది ఉన్నా ఆ రోజే తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి గానీ, దగ్గరి పెద్దాసుపత్రికి గానీ పంపండి. పథ్యం పేరుతో నీళ్ళు తగ్గించే ఇళ్ళలో మలబద్ధకం కుట్లను లాగుతుంది. డాక్టరు రాసిన విరేచన మందును మాన్పించనివ్వకండి.

అభ్యాసం: మీ పరిధిలోని ఐదుగురు బాలింతల డిశ్చార్జి కాగితాలు తీసుకుని, పేర్లు రాయకుండా, ఒక్కొక్కరికి రెండు వరుసలు గీయండి. ఒకదానిలో చిరుగుకు దారితీసినవి, రెండవదానిలో మానడాన్ని అడ్డుకునేవి, ప్రతి అంశం పక్కన అది ఎలా పనిచేస్తుందో ఒక పూర్తి వాక్యం ఉండాలి. కారణం రాయని అంశాన్ని నేను లెక్కలోకి తీసుకోను.