హార్డ్‌వేర్ షాపు బోర్డుకి స్లాబ్ సెరిఫ్ ఎలా పెట్టాలి

మాది ఫ్లెక్సులు, వినైల్ స్టిక్కర్లు చేసే షాపు. ‘రోడ్డు అవతల నుంచి కూడా కొట్టొచ్చినట్టు కనపడాలన్నా’ అంటూ వచ్చే హార్డ్‌వేర్, సిమెంటు, టైర్ల షాపుల వాళ్లకి ఇంగ్లిష్ పేరు నేను బోల్డ్ స్లాబ్ సెరిఫ్‌లోనే పెడతాను. అక్షరాల చివర్లలో దిమ్మల్లాంటి మందపాటి పట్టీలు ఉండే రకం ఇది. 1815 ప్రాంతంలో లండన్‌లో విన్సెంట్ ఫిగ్గిన్స్ ఇలాంటి అచ్చు తెచ్చిన రోజుల్లోనూ దీనికి గిరాకీ పోస్టర్లు, ప్రకటనల దగ్గరే. పాంప్లెట్‌లో చిన్న మేటర్‌కి ఇది పెట్టమంటే నేను ఒప్పుకోను.

పేరు పొట్టిదైతే ఆల్ఫా స్లాబ్ వన్ తీసుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. బాగా లావు, అందులో ఉన్నది ఆ ఒక్క మందమే. దాని మీద మళ్లీ ఫోటోషాప్‌లో ఫాక్స్ బోల్డ్ (అక్షరాన్ని బలవంతంగా లావు చేసే బటన్) నొక్కితే అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి. పేరు పొడుగైతే రోబోటో స్లాబ్ బోల్డ్ చాలు. అంతేగానీ బోర్డు నిండాలని అక్షరాల్ని అడ్డంగా లాగొద్దు. నిలువు గీతలు ఉబ్బుతాయి, పట్టీలు మాత్రం అలాగే ఉండిపోతాయి, ఫాంట్ అందమంతా అక్కడే పోతుంది.

అసలు పని అక్షరాల మధ్య ఖాళీలో ఉంది. ఇంగ్లిష్‌లో ‘హార్డ్‌వేర్’ అని పెద్ద అక్షరాల్లో కొట్టి చూడండి. ‘ఏ’, ‘ఆర్’ పాదాలు దాదాపు తగులుకుంటాయి. ‘డబ్ల్యూ’, తర్వాతి ‘ఏ’ మధ్య మాత్రం పెద్ద సందు కనిపిస్తుంది. కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్10 నొక్కి షేప్ టూల్ తీసుకుని, ‘డబ్ల్యూ’ పై పట్టీ కిందకి ‘ఏ’ పాదం కొంచెం దూరేలా జరపండి. తర్వాతి అక్షరాల్నీ అదే లెక్కన దగ్గరికి తెచ్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఖాళీని నమ్మి వదిలేస్తే, ఫ్లెక్స్ సైజులో ఆ సందు బెత్తెడవుతుంది.

కస్టమర్ సొంతంగా గీసిన అక్షరాలే కావాలంటే ముందు ‘హెచ్’ గీయండి. నిలువు గీత మందం 10 పాళ్లు ఉంటే అడ్డ పట్టీ 8 లేదా 9 పాళ్లు చాలు. రెండూ సమానంగా గీస్తే కంటికి అడ్డగీతే లావుగా కనపడుతుంది.

పైన తెలుగు పేరు ఉంటే రామభద్ర ఫాంట్ మందం స్లాబ్ సెరిఫ్‌కి బాగా జోడీ కుదురుతుంది. తెలుగు అక్షరాలకి కూడా పట్టీలు అతికించమనే వాళ్లు ఉంటారు. వద్దని చెప్పండి, గుండ్రటి అక్షరానికి అవి అతుకుల్లాగే ఉంటాయి. ‘శ్రీ లక్ష్మీ’ అని రాస్తే క కింద ష ఒత్తు, మ ఒత్తు దిగుతాయి కదా, ఇంగ్లిష్ లైను వాటిని తగలకుండా కిందకి దించండి. ఇంగ్లిష్ ఎత్తుని మాత్రం ఒత్తులు వదిలేసి, తెలుగు అక్షరం ఒంటితో పోల్చి, కాస్త తక్కువే పెట్టాలి.

వినైల్ కటింగ్‌కైతే ఇంకో జాగ్రత్త. చిన్న సైజులో ఇంగ్లిష్ చిన్న బడి ‘ఇ’ లోపలి కన్ను సన్న చీలికలా మిగులుతుంది. అనవసరమైన వినైల్ పీకేటప్పుడు ఆ కన్ను సరిగ్గా ఊడి రాదు, గట్టిగా లాగితే అక్షరమే లేచొస్తుంది. పెద్ద అక్షరాలే వాడండి, లేదా సైజు పెంచండి.

ఫోన్ నంబరుకి స్లాబ్ వద్దు. ఇంత లావులో 3, 8 దూరం నుంచి ఒకేలా కనపడతాయి. ఓపెన్ సాన్స్ బోల్డ్ లాంటి సాదా ఫాంట్ పెట్టి, ఐదు అంకెల తర్వాత కొంచెం ఖాళీ వదలండి.