ఓడలో జీతం ఆగితే: రెండో నెల దాటకముందే చేయాల్సిన పనులు

జీతం ఆగిన ఓడలో చాలామంది చేసేది ఒక్కటే, ఎదురుచూడటం. "వచ్చే పోర్టులో సర్దేస్తాం" అన్న మాట నమ్ముకుని ఆరేడు నెలలు గడిపేస్తారు. అసలు నష్టం అక్కడే జరుగుతుంది. అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం ఎంఎల్‌సీ 2006 కింద, యజమాని చేతులెత్తేస్తే సిబ్బందిని ఆదుకోవడానికి ఆ ఒప్పందం వర్తించే ప్రతి ఓడకూ ఆర్థిక పూచీ (బీమా లాంటి హామీ) ఉండాలి. 2017 జనవరి 18 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. కానీ ఆ పూచీ కింద తప్పనిసరిగా వచ్చేది గరిష్ఠంగా 4 నెలల బాకీ. ఐదో నెల నుంచి చేసే చాకిరీకి ఆ రక్షణ ఉండదు. అదే పూచీ 2 నెలల జీతం ఆగగానే అడగడానికి వీలవుతుంది. అంటే మీ చేతిలో ఉన్న వ్యవధి ఈ రెండు అంకెల మధ్యే.

సంతకానికి ముందు

కాంట్రాక్ట్‌లో యజమాని పేరు, చిరునామా ఉన్నాయో లేదో ముందు చూడండి. ఏజెన్సీ పేరు మాత్రమే ఉంటే రేపు ఎవరి మీద ఫిర్యాదు చేయాలో తెలియదు. మీ హోదా, నెల జీతం లేదా దాన్ని లెక్కకట్టే పద్ధతి, సెలవు జీతం, ఇంటికి పంపే బాధ్యత, నోటీసు గడువు అందులో రాసి ఉండాలి. నోటీసు 7 రోజులకు తగ్గకూడదు. ఇంట్లో అత్యవసరం వస్తే అంతకన్నా ముందే, జరిమానా లేకుండా వెళ్లే వీలు కూడా ఉండాలి. ఇద్దరి సంతకాలున్న ఒరిజినల్ ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి. తనిఖీల కోసం ఒకటి, "అసలుది" ఇంకొకటి అంటూ రెండు కాంట్రాక్టులు ముందు పెడితే ఆ ఓడ ఎక్కకపోవడమే మేలు.

ఉద్యోగం ఇప్పించినందుకు మీ దగ్గర ఫీజు తీసుకోవడం నిషేధం. మెడికల్ సర్టిఫికెట్, సీమ్యాన్ బుక్ (నావికుడి గుర్తింపు పుస్తకం), పాస్‌పోర్టు ఖర్చులు మీవే కావచ్చు. వీసా ఖర్చు మాత్రం యజమానిదే.

ఓడ నిజమైనదో కాదో తెలుసుకోవడానికి దాని ఐఎంఓ (అంతర్జాతీయ సముద్ర సంస్థ) నంబరు అడగండి. అందులో 7 అంకెలు ఉంటాయి. మొదటి ఆరింటినీ వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడితే, వచ్చిన మొత్తంలో చివరి అంకె ఏడో అంకెతో సరిపోవాలి. 9074729 తీసుకుంటే 63, 0, 35, 16, 21, 4 కలిపి 139. చివరి అంకె 9, సరిపోయింది. ఓడల వివరాలిచ్చే ఈక్వాసిస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిచి, ఆ నంబరుతో యజమాని ఎవరు, మేనేజర్ ఎవరు, ఏ పోర్టుల్లో ఓడను నిలిపేశారో చూడొచ్చు. ఏడాదిలో రెండుమూడుసార్లు యజమాని పేరు మారిందంటే అనుమానించాల్సిందే.

ఎక్కిన వెంటనే

సిబ్బందికి కనిపించేచోట రెండు పూచీ సర్టిఫికెట్లు అంటించి ఉండాలి. ఒకటి యజమాని గాలికొదిలేసిన సిబ్బంది కోసం, రెండోది మరణం లేదా శాశ్వత వైకల్యం పరిహారం కోసం. రెండింటినీ ఫొటో తీసి ఇంటికి పంపండి. పూచీ ఇచ్చినవారి పేరు, సాయం కోసం ఎవరిని సంప్రదించాలో ఆ వివరాలు, చెల్లుబాటు తేదీ స్పష్టంగా కనపడాలి. గడువు తీరే తేదీని గుర్తుపెట్టుకోండి.

పని గంటలు సొంత పుస్తకంలోనూ రాసుకోండి. గరిష్ఠ పని గంటలకు బదులు కనీస విశ్రాంతి గంటల లెక్కన నడిచే ఓడల్లో ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, 7 రోజుల్లో 77 గంటలు విశ్రాంతి దొరకాలి. ఆ 10 గంటల్ని రెండు ముక్కలకు మించి విడగొట్టకూడదు, ఒక ముక్క 6 గంటలకు తగ్గకూడదు. ఓడ రికార్డులో అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి, ఎందుకంటే చాలాచోట్ల వాటిని నెలాఖరున ఒకేసారి కూర్చుని నింపేస్తారు. ఓవర్‌టైం తగాదా వస్తే రోజూ రాసిన మీ పుస్తకానికే విలువ.

మొదటి నెల జీతం రాకపోతే

జీతం నెలకొకసారైనా ఇవ్వాలి, లెక్క కాగితం కూడా ఇవ్వాలి. గడువు దాటితే మాస్టర్‌కు (ఓడ కెప్టెన్‌కు) రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు రెండో కాపీ మీద సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే అదే విషయం ఈమెయిల్‌లో కంపెనీకీ, ఏజెన్సీకీ పంపండి, తేదీ నమోదవుతుంది. ఫిర్యాదు చేసినందుకు వేధించడం నిషేధం. కుదిరితే సిబ్బంది అంతా కలిసి సంతకం చేయండి. ఒక్కరే రాస్తే ఆ ఒక్కరినే దింపేసి మిగతావాళ్ల నోరు నొక్కేస్తారు.

రెండో నెలా రాకపోతే సర్టిఫికెట్‌లో ఉన్న చిరునామాకు క్లెయిమ్ రాయండి. ఓడ పేరు, ఐఎంఓ నంబరు, ఇప్పుడున్న చోటు, సిబ్బంది జాబితా, ఒక్కొక్కరికి ఏ నెల నుంచి ఎంత బాకీ, మిగిలిన తిండి, తాగునీరు, ఇంధనం ఎన్నిరోజులకు సరిపోతాయో రాసి, కాంట్రాక్టుల ఫొటోలు జతచేయండి. కాపీలు ఓడ జెండా దేశానికీ (ఓడ నమోదైన దేశానికీ), ఆ పోర్టు అధికారులకూ, అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య ఐటీఎఫ్ ఇన్‌స్పెక్టర్‌కూ పంపండి. ఐటీఎఫ్ సాయానికి సభ్యత్వం ఉండి తీరాలని లేదు. పోర్టు అధికారికి ఇచ్చే ఫిర్యాదులో మీ పేరు గోప్యంగా ఉంచే ఏర్పాటు ఉండాలి. ఎవరికి రాయాలో తోచకపోతే నావికుల హెల్ప్‌లైన్ సీఫేరర్‌హెల్ప్ 24 గంటలూ ఉచితంగా పలుకుతుంది.

తిండి, నీరు, ఇంటికి చేర్చే ఖర్చు ఆ 4 నెలల జీతానికి అదనం. పూచీ ఇచ్చినవారు మధ్యలో తప్పుకోవాలన్నా జెండా దేశానికి కనీసం 30 రోజుల ముందు చెప్పాలి.

మిగిలిన బాకీ కోసం

4 నెలలకు మించిన బాకీకి ఓడే దిక్కు. చాలా దేశాల చట్టాల్లో సిబ్బంది జీతానికి ఓడ మీద హక్కు ఉంటుంది. కోర్టు దాన్ని అరెస్ట్ చేసి (కదలకుండా ఆపి) అమ్మితే, తాకట్టు పెట్టుకున్న బ్యాంకు కన్నా మీరు ముందుంటారు. ఖర్చు, ఆలస్యం రెండూ తప్పవు, పాత ఓడ తుక్కు ధరకు పోతే అందరి బాకీ తీరకపోవచ్చు కూడా. కొన్నిచోట్ల ఈ హక్కు ఏడాదికే ముగిసిపోతుంది కాబట్టి లాయర్‌ను ఓడ పోర్టులో ఉండగానే చూసుకోండి. పని ఆపేయాలనుకుంటే మాత్రం ముందు ఐటీఎఫ్‌నో స్థానిక లాయర్‌నో అడగండి. కొన్ని దేశాల్లో సమ్మె నేరమవుతుంది, నడిసముద్రంలో అయితే ఇంకా ప్రమాదం.

దిగేటప్పుడు "మొత్తం ముట్టింది, ఇక బాకీ లేదు" అన్న కాగితం ఇచ్చి, సంతకం పెడితేనే టికెట్ అంటారు. ఇంటికి పంపడం యజమాని బాధ్యత, దానికి షరతు పెట్టే హక్కు అతనికి లేదు. అయినా సంతకం తప్పకపోతే, ముట్టిన మొత్తం అంకెల్లో రాసి, "మిగతా బాకీపై హక్కు వదులుకోవడం లేదు" అని పక్కనే రాసి, ఆ కాగితం ఫొటో తీసుకున్నాకే చేతికివ్వండి.