అమ్మకి శుక్లం ఆపరేషన్: ఆ రోజు వెయిటింగ్‌ని ఎలా దాటించాలి?

శుక్లం ఆపరేషన్ అంటే ఏముంది, లోపల ఇరవై నిమిషాల పని, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు అంటారు అందరూ. నిజమే, కానీ ఆ ఇరవై నిమిషాల కోసం బయట కుర్చీలో ఎన్ని గంటలు కూర్చోవాలో ఎవరూ చెప్పరు. మా అమ్మకి 74 ఏళ్లు, షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. ఏడింటికి రమ్మన్నారు, లోపలికి పిలిచింది ఒంటిగంటన్నరకి. రెండో కంటికి మాత్రం కాస్త తెలివి తెచ్చుకుని వెళ్లాం, అలా నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నా.

1. ముందురోజే ఫోన్ చేసి లిస్టులో మన నంబర్ ఎంతో అడగండి. అందరినీ ఒకేసారి రమ్మంటారు, ఎందుకంటే బీపీ, షుగర్ చూడాలి, కంటిపాప పెద్దదయ్యేదాకా చుక్కలు వేస్తూనే ఉండాలి, డాక్టర్ ఖాళీగా ఉండకూడదు. "షుగర్ పేషెంట్ అండీ, పెద్దావిడ, కాస్త ముందు పెట్టండి" అని అడగడానికి మొహమాటపడొద్దు. రెండోసారి మేం అడిగితే మూడో నంబర్ ఇచ్చారు, అడక్కపోతే ఇచ్చేవాళ్లు కాదు!

2. తిండి, మందుల సంగతి డాక్టర్నే స్పష్టంగా అడగండి, పక్కింటివాళ్లని కాదు. చుక్కల మత్తుతోనో కంటి పక్కన ఇంజెక్షన్‌తోనో చేసేటప్పుడు చాలా చోట్ల తేలికపాటి టిఫిన్ తిననిస్తారు, పూర్తి మత్తయితే కడుపు ఖాళీగా ఉండాల్సిందే. అసలు ప్రమాదం ఇక్కడే, టిఫిన్ మానేసి షుగర్ మాత్ర మాత్రం రోజూలా వేసేస్తారు, పదకొండుకల్లా చెమటలు, చేతులు వణకడం, మాట తికమక. మా అమ్మకి అదే అయింది, నేనేమో భయపడుతోందిలే అనుకున్నా, సిస్టర్ వేలు గుచ్చి చూస్తే షుగర్ 64. 70 కంటే తగ్గిందంటే తక్కువే. ఇలాంటివి కనిపిస్తే సొంతంగా చాక్లెట్లూ జ్యూసులూ పెట్టకుండా వెంటనే సిస్టర్‌ని పిలవండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే మీ అంతట మీరు ఆపొద్దు. నాన్నలకైతే ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ వాడుతున్నారేమో తప్పక చెప్పండి, దానివల్ల ఆపరేషన్‌లో కనుపాప చుట్టూ ఉండే పొర వదులుగా అయిపోతుంది.

3. సంచిలో శాలువా (ఏసీ చలి పెద్దవాళ్లు తట్టుకోలేరు), మందుల చీటీ, కట్టుడు పళ్ల డబ్బా. గాజులూ గొలుసూ ఇంట్లోనే తీసేయండి, అక్కడ సబ్బు రాసి లాగుతుంటే అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

4. చుక్కలు వేశాక చూపు మసకబారుతుంది, బాత్రూమ్‌కి ఒంటరిగా పంపొద్దు. గౌను వేయకముందే ఒకసారి తీసుకెళ్లండి. ఏ కన్నో నుదుటి మీద గుర్తు పెడతారు, పెట్టారో లేదో మీరూ చూసుకోండి.

5. ఇన్సూరెన్స్ ఉంటే క్యాష్‌లెస్ అప్రూవల్ ముందే పెట్టించండి. ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024లో పెట్టిన రూల్ ప్రకారం మొదటి అప్రూవల్ గంటలో, డిశ్చార్జ్‌ది మూడు గంటల్లో రావాలి, లేటైతే కౌంటర్ దగ్గర ఆ మాటే అనండి.

6. బయల్దేరేముందు ఏ చుక్క ఎన్నిసార్లో, రాత్రి ఏ నంబర్‌కి చేయాలో రాయించుకోండి. నొప్పి బాగా పెరిగినా, చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా ఆ నంబర్‌కి కొట్టేయడమే.