దంత చికిత్సకు సెడేషన్: ముందు ఏమి అడగాలి, తర్వాత ఏమి చేయకూడదు?

జ్ఞానదంతం తీయాల్సి వచ్చినప్పుడో, సూది చూస్తేనే మీకు చెమటలు పడతాయని తెలిసినప్పుడో దంతవైద్యులు సెడేషన్ మాట, అంటే భయం తగ్గేలా మగత కలిగించే మందు ఇవ్వడం గురించి, ఎత్తుతారు. కళ్లు మూసి తెరిచేలోగా పని అయిపోతుందని చాలామంది ఆశపడతారు. కానీ అలా ఒంటి మీద స్పృహ లేకుండా చేసేది జనరల్ అనస్థీషియా, సెడేషన్ వేరు. దంతవైద్యశాలలో మామూలుగా ఇచ్చే సెడేషన్‌లో మీరు మగతగా ఉన్నా పిలిస్తే పలుకుతారు, నోరు తెరవమంటే తెరుస్తారు, ఊపిరి మీరే తీసుకుంటారు. తగ్గేది ప్రధానంగా భయమే. నొప్పి తెలియకుండా చిగురుకు ఇచ్చే తిమ్మిరి ఇంజెక్షన్ ఎలాగూ తప్పదు. కాకపోతే అప్పటికి ఆ సూదిని మీరు అంతగా పట్టించుకోరు.

1. ఏ రకం ఇస్తారో ముందే అడగండి

తర్వాతి ఏర్పాట్లన్నీ దీన్ని బట్టే ఉంటాయి. అన్నిటికన్నా తేలికైనది నైట్రస్ ఆక్సైడ్. 1844లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు ఈ వాయువును పీల్చి తన పన్నునే తీయించుకున్నాడు. ఇప్పుడు దాన్ని ఆక్సిజన్‌తో కలిపి, ముక్కుకు మాత్రమే తొడిగే చిన్న మాస్కు ద్వారా ఇస్తారు. కాస్త తీపి వాసన వస్తుంది. కొద్ది నిమిషాల్లో వేళ్ల చివర్లు చిమచిమలాడతాయి, శబ్దాలు దూరం నుంచి వస్తున్నట్టు ఉంటాయి. లాఫింగ్ గ్యాస్ అని పేరే కానీ నవ్వు రావాలనేమీ లేదు. వికారంగా అనిపిస్తే వెంటనే చెప్పండి, మోతాదు తగ్గిస్తారు. నోటితో గాలి పీలిస్తే మాత్రం దీని ప్రభావం సరిగా ఉండదు.

మాత్ర అయితే చికిత్సకు దాదాపు గంట ముందు వేసుకోమంటారు. ఒకసారి మింగాక మోతాదును సరిచేసే వీలు ఉండదు. ఒకరికి చాలినంత మత్తు రాదు, మరొకరు అదే మాత్రకు గాఢంగా నిద్రపోతారు. సరిపోలేదనిపించినా మీ అంతట మీరు రెండోది వేసుకోకండి.

మూడోది నరానికి ఇచ్చే మందు, ఎక్కువగా మిడజోలమ్. చేతి వెనక భాగంలోనో మోచేతి మడతలోనో సన్నని గొట్టం పెట్టి, మీ కనురెప్పలు బరువెక్కడం, మాట నెమ్మదించడం గమనిస్తూ కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. దీనిలో ఒక వింత ఉంది: డాక్టరు అడిగినదానికల్లా జవాబు చెబుతూనే ఉంటారు, తర్వాత అందులో చాలావరకు గుర్తుండదు. నిద్రపోయామని చాలామంది నమ్మేది అందుకే.

2. ఆరోగ్య వివరాలు దాచకండి

గురక, నిద్రలో ఊపిరి ఆగడం, ఆస్తమా, గుండె జబ్బు, గర్భం, గతంలో మత్తుమందు పడకపోవడం, అన్నీ చెప్పాలి. నిద్రమాత్రలు, ఘాటైన నొప్పి మందులు, మద్యం అలవాటు సంగతి చెప్పడానికి మొహమాటపడతారు కానీ, సెడేషన్‌తో కలిసినప్పుడు శ్వాసను మందగింపజేసేవి సరిగ్గా అవే. రెటీనా శస్త్రచికిత్సలో కంటిలో వాయు బుడగ పెట్టి ఉంటే నైట్రస్ ఆక్సైడ్ తీసుకోకూడదు. బుడగ ఉబ్బి చూపు పోయే ప్రమాదం ఉంది. విటమిన్ బి12 లోపం ఉన్నా చెప్పండి. ఆ రోజు జలుబుతో ముక్కు మూసుకుపోతే ఫోను చేసి వాయిదా వేయించుకోవడమే నయం.

3. మిమ్మల్ని కనిపెట్టుకుని ఉండేది ఎవరు?

డాక్టరు చూపంతా పంటి మీదే ఉంటుంది. మీ ఊపిరిని, నాడిని గమనించడానికి శిక్షణ ఉన్న మరొకరు ఉంటారా? రక్తంలో ఆక్సిజన్‌ను చూపే పల్స్ ఆక్సీమీటర్‌ను వేలికి పెడతారా? ఆక్సిజన్, మిడజోలమ్‌కు విరుగుడైన ఫ్లుమాజెనిల్ అందుబాటులో ఉన్నాయా? ఇవి అడగడం అమర్యాద కాదు. వీటికి విసుక్కునే చోట సెడేషన్ తీసుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

4. ఆహారం, దుస్తులు

వాయువుకైతే చాలాచోట్ల తేలికపాటి భోజనానికి అభ్యంతరం చెప్పరు. నరానికి మందు ఇచ్చేటప్పుడు సాధారణంగా ఘనాహారం 6 గంటల ముందు, నీళ్లు 2 గంటల ముందు ఆపమంటారు. పాలు కలిసిన టీ, కాఫీలు ఆహారం కిందికే వస్తాయి. మగతలో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చన్నదే భయం. పొరపాటున తింటే చెప్పేయండి, తేదీ మారుతుంది, అంతే. మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్, మాత్రల సంగతి ముందురోజే అడగాలి. వదులు చేతుల చొక్కా వేసుకోండి, గోళ్ల రంగు తీసేయండి. రంగు ఉంటే ఆక్సీమీటర్ లెక్క తప్పవచ్చు.

5. కుర్చీలో

ఆపమనడానికి ఎడమచేయి ఎత్తుతానని ముందే అనుకోండి. నోటి నిండా పరికరాలు ఉన్నప్పుడు మాట పెగలదు.

6. ఇంటికి వెళ్లాక

నైట్రస్ ఆక్సైడ్ ఒక్కటే ఇచ్చి ఉంటే చివర్లో కొన్ని నిమిషాలు ఆక్సిజన్ మాత్రమే పీల్పిస్తారు. తల తేటపడ్డాక, డాక్టరు సరేనంటే పెద్దవాళ్లు ఒంటరిగానే వెళ్లవచ్చు. మాత్రకు, నరానికి ఇచ్చిన మందుకు ఆ వెసులుబాటు లేదు. పెద్దవాళ్లు ఎవరైనా ఒకరు వెంట ఉండి ఇంటికి తీసుకెళ్లాలి, ఆ రోజంతా తోడుండాలి. 24 గంటలపాటు వాహనం నడపడం, పొయ్యి దగ్గర పని, మద్యం, సంతకాలు, డబ్బు లావాదేవీలు వద్దు. "నాకేం, బాగానే ఉన్నాను" అని మీకే అనిపిస్తుంది. ఆ నమ్మకాన్ని లెక్కలోకి తీసుకోకండి, మందు ఇంకా దిగి ఉండదు. మందులెప్పుడు వేసుకోవాలో కాగితం మీద రాయించి తోడువచ్చినవారి చేతికి ఇప్పించండి.

పిల్లల విషయంలో రెండు జాగ్రత్తలు. తిమ్మిరి కొన్ని గంటలు ఉంటుంది. స్పర్శ తెలియని పెదవిని ఆడుతూ ఆడుతూ కొరికేసుకుని పుండు చేసుకుంటారు. రెండోది ఇంకా ముఖ్యం. కారులో నిద్రపోతే తల ముందుకు వాలి గొంతు దారి మూసుకుపోవచ్చు. నడిపేవారు కాక మరొకరు పక్కనే కూర్చుని తల నిలబెడుతూ ఉండాలి.

పెద్దలైనా పిల్లలైనా తట్టి లేపినా లేవకపోయినా, ఊపిరి కష్టంగా ఆడుతున్నా, పెదవులు నీలంగా మారినా ఆలస్యం చేయకుండా అంబులెన్సును పిలవండి. వాంతులు ఆగకపోయినా, గాజుగుడ్డను గట్టిగా కొరికి పట్టుకున్నా రక్తం ఆగకపోయినా డాక్టరుకు ఫోను చేయండి.