రాగిరేకుపై చెక్కిన తోటను చూడటం ఎలా?

పదిహేడవ శతాబ్దంలో ఫ్రాన్సు రాచతోటలను చూపుతూ వెలువడిన బరోక్ (ఆనాటి యూరపులోని ఆడంబరమైన కళాశైలి) ముద్రాచిత్రాలు, అంటే చెక్కిన రాగిరేకుకు సిరా పట్టించి కాగితంపై అచ్చు తీసిన బొమ్మలు, తొలిచూపులో పొడిగా అనిపిస్తాయి. వాటిలో రంగు లేదు, పువ్వు కనబడదు, ఉన్నదంతా నల్లని గీతలే. అందుచేత తోట సంగతి కాసేపు పక్కనపెట్టి, ముందుగా గీతను చూడాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఇటువంటి ముద్రల చిత్రాలను ఆన్‌లైన్‌లో ఉంచాయి. పెద్దవి చేసి చూడవచ్చు.

ఇటువంటి ముద్రలు చేసిన ఫ్రెంచి చిత్రకారుడు ఇజ్రాయెల్ సిల్వెస్త్ర్ (1621–1691) ఎక్కువగా వాడినది ఎచింగ్ పద్ధతి. రాగిరేకుపై మైనపు పూత వేసి, దానిపై సూదితో గీసి, ఆమ్లం తగిలేలా చేస్తే, పూత లేచిపోయిన చోట మాత్రమే లోహం కరిగి గాడి పడుతుంది. చేతికి అడ్డు లేనందున ఆ గీత కలంతో గీసినట్టు స్వేచ్ఛగా సాగుతుంది. ఉలితో నేరుగా రాగిలోకి చెక్కిన గీత అలా ఉండదు. సన్నగా మొదలై, నడుమ లావెక్కి, మళ్లీ మొనదేలుతుంది. ఒకే ముద్రలో ఈ రెండూ కలిసి ఉండటం మామూలే. నిశ్చలమైన నీటికి అడ్డగీతలు, చెట్ల గుబుర్లకు చిన్నచిన్న మెలికలు వాడారు. ఎండ పడిన బాటకు మాత్రం ఏమీ గీయక కాగితాన్నే వదిలేశారు. నా దృష్టిలో, ఆ వదిలేయడంలోనే పనితనం ఎక్కువ.

తరువాత, చూసే కన్ను ఎక్కడ ఉందో గుర్తించాలి. బాటల అంచులను వేలితో పొడిగిస్తూ పోతే అవన్నీ కలిసే బిందువు దొరుకుతుంది. అది ఎంత ఎత్తున ఉంటే చిత్రకారుడు అంత ఎత్తు నుంచి చూస్తున్నట్టు ఊహించుకున్నాడన్నమాట. మేడకు ఎదురుగా కురచ పొదలతో తీగల్లా అల్లిన పార్టెర్‌లను (చదునైన నేలపై నమూనాగా వేసిన మళ్లను) పై అంతస్తు నుంచి చూడటానికే వేసేవారు. వాకిట ముగ్గు ఆకారం కూర్చున్నప్పటికంటే లేచి నిలబడితే బాగా తెలిసినట్టే ఇదీ. తోటల రూపశిల్పి ఆంద్రే ల నోత్ర్ ఫ్రాన్సులోని వో-ల-వికోంత్ అనే భవనం దగ్గర వేసిన తోటకు ఈ పరీక్ష బాగా పనికివస్తుంది. అక్కడ భవనం దగ్గర నిలబడి చూసేవారికి దూరాన కట్టిన అలంకార గుహలు కొలను అంచునే ఉన్నట్టు తోస్తాయి. నడుమ అడ్డంగా పారే పెద్ద కాలువ నేల వాలు వల్ల కనబడదు. పక్షి ఎత్తు నుంచి గీసిన చిత్రం ఆ రహస్యాన్ని ముందే బయటపెడుతుంది.

ఇక అడుగున ఉన్న లాటిన్ మాటలు. ‘డెలినియావిట్’ అంటే బొమ్మ గీసినవాడు, ‘స్కల్ప్‌సిట్’ అంటే రాగిపై చెక్కినవాడు, ‘ఎక్స్‌కుడిట్’ అంటే ప్రచురించినవాడు. వీరు ముగ్గురూ వేరయితే, చెక్కినవాడు ఆ తోటలో ఎన్నడూ అడుగు పెట్టకపోయి ఉండవచ్చు.

అందువల్ల ముద్రను నమ్మకముంచి చూడాలి, అనుమానంతోనూ చూడాలి. అప్పుడే నాటిన మొక్కలను ఎదిగిన వృక్షాలుగా, ఇంకా కట్టని వాటిని కట్టినట్టుగా చూపిన ముద్రలు లేకపోలేదు. మరోవైపు, వెర్సాయ్ రాజప్రాసాదంలో కట్టిన థెటిస్ గుహ అనే కృత్రిమ గుహను 1684లో కూల్చివేశారు. దాని లోపలి అలంకరణ ఎలా ఉండేదో నేడు తెలుసుకోవడానికి 1670లలో జాన్ లెపోత్ర్ వంటివారు చెక్కిన రేకులే ప్రధాన ఆధారం.